టిఫిన్ మూతలో కలిసిన మాత్రలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా ఆస్పత్రిలో నా ముద్దుపేరు ‘రూల్సమ్మ’. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు, నేను మెట్లు దిగగానే అనేవారు. నాకు వినపడేది. నర్సుగా చేరిన నన్ను కొన్నేళ్ళకు క్యాన్సర్ మందుల ట్రయల్స్ చూసే విభాగానికి మార్చారు. కోఆర్డినేటర్ అని పెద్ద పేరు పెట్టారు గానీ, పని ఇది: కొత్త మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్షలో చేరిన రోగులకు అన్నీ విడమరిచి చెప్పడం, వాళ్ళు మందు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో చూడడం, డాక్టర్లకూ రోగులకూ మధ్య నలగడం. నలగడం గురించి ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఈమధ్య అదే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు చింతాద్రిపేటలోని మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి, “పేషెంట్లు ట్రయల్స్‌కి ఒప్పుకోవడంలేదు మేడమ్, వాళ్ళకి అవగాహన లేదు” అని వాపోయారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అవగాహన ఎవరికి లేదో ముందు చూసుకోవాలి గదా. ఆరోజు వాళ్ళకి చెప్పిన సంగతే మీకూ చెబుతాను. నేను కొంచెం గొంతు పెంచి చెబితే ఏమీ అనుకోకండి, ఆ అలవాటు పోలేదు.

ట్రయల్ అనగానే మా ఓపీ హాల్లో సగం మంది ముఖం చిట్లించేవారు. “మేమేమన్నా ఎలుకలమా సిస్టర్?” అని అడగని రోజు లేదు. ఒకసారి చిత్తూరు వైపు నుంచి వచ్చిన రైతుకు, ఆయన భార్యను ట్రయల్‌లో చేర్చవచ్చని చెప్పాను. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని లేపి, “ఇంగ ఆశ లేదని నేరుగా చెప్పొచ్చు గదమ్మా, ఈ డొంకతిరుగుడు ఎందుకు?” అని అందరిముందూ ఏడ్చాడు. ఆశ వదులుకున్నవాళ్ళనే ట్రయల్‌లో పెడతారని ఆయన నమ్మకం. కాదని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా వినలేదు. అయితే ఇలాంటివాళ్ళకంటే నన్ను ఎక్కువ భయపెట్టినవాళ్ళున్నారు. “డాక్టరు దేవుడు. ఆయన ఇస్తే విషమైనా తాగతా. సంతకం ఏడ పెట్టాలో చూపీమ్మా” అనేవాళ్ళు. వద్దన్నవాళ్ళు కనీసం నేను చెప్పింది విన్నారు. వీళ్ళు అదీ వినేవారు కాదు.

ఇక అసలు సంగతి. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన ఆడవాళ్ళలో జబ్బు తిరగబెట్టకుండా ఒక కొత్త మాత్ర ఆపుతుందా అన్నది మా ట్రయల్ ప్రశ్న. అందరికీ మామూలు వైద్యం ఎలాగూ అందుతుంది. దానికి తోడు సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరి సీసాలో ఏది ఉందో వాళ్ళకు తెలియదు, డాక్టరుకు తెలియదు, నాకూ తెలియదు. ఎవరికి ఏ సీసా వెళ్ళాలో చీటీలు తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. తెలిస్తే మన ఆశలూ మన భయాలూ ఫలితంలోకి దూరిపోతాయని ఆ ఏర్పాటు.

అందులో చేరినవాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకావిడది జార్జిటౌన్. తరాలుగా పసుపు, మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం. కొట్లో కూర్చునేది భర్తే అయినా బేరం తెగేది ఈవిడ మాట మీదేనట. ఆ ముక్క ఆవిడే నాకు చెప్పింది. గొంతు హాలు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది. రెండో ఆవిడది పెరంబూరు. భర్త రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఈవిడ నోట్లో నాలుక లేని మనిషి. ఈవిడ అక్క ఇదే జబ్బుతో, అంతా నయమైపోయిందని పొంగల్ పెట్టుకుని పండగ చేసుకున్నాక, తిరగబెట్టి పోయింది. నేను ట్రయల్ గురించి చెబుతుంటే చివరిదాకా తల వంచుకుని విని, ఒకే ఒక్క మాట అడిగింది.

“మా అక్కకి ఈ మాత్ర ఇచ్చుంటే బతికుండునా సిస్టర్?”

“తెలీదమ్మా. అది తేల్చేదానికే ఇదంతా” అన్నాను. చేరింది.

ఇద్దరూ అంతకుముందు మందు ఎక్కించుకునే గదిలో పక్కపక్క కుర్చీల్లో స్నేహితులయ్యారు. జుట్టు రాలిపోయిన రోజుల్లో ఒకరి గుండు చూసి ఒకరు పగలబడి నవ్వుకున్నారట. పరీక్షలకు ఒకే రోజున వచ్చేలా చూడమని నన్ను బతిమాలారు. సరేనన్నాను. జార్జిటౌన్ ఆవిడ మాట్లాడేది, పెరంబూరు ఆవిడ వినేది. ఇద్దరికీ ఏ లోటూ ఉండేది కాదు.

ఆరోజు మధ్యాహ్నం అన్నాల వేళ. వాళ్ళిద్దరికీ ఆ నెల సీసాలు ఇచ్చి పంపాను. ఏదో చెప్పడం మరిచిపోయి వెనకాలే వరండాలోకి వెళ్ళాను. బెంచీ మీద ఇద్దరి మధ్యా టిఫిన్ క్యారియర్ విప్పి ఉంది. పెద్ద మూత వెల్లకిలా పెట్టి, అందులో రెండు సీసాల మాత్రలూ ఒంపేసి, జార్జిటౌన్ ఆవిడ పులిహోర కలిపినట్టు చేత్తో కలుపుతోంది. పెరంబూరు ఆవిడ సీసా పట్టుకుని తన వంతు కోసం కూర్చుని ఉంది.

గబగబా దగ్గరికి వెళ్ళాను.

“ఏం చేస్తా ఉండారమ్మా?”

జార్జిటౌన్ ఆవిడ ఏమాత్రం తొణకలేదు. “పంచుకుంటా ఉండాం సిస్టర్. పోయిన తూరి గూడా ఇట్నే చేసినాం. ఒకరికి అసల్ది, ఒకరికి ఉత్తది వచ్చుంటే ఒకరికి అన్యాయం గదా? కలిపేసినామంటే ఇద్దురికీ సగం సగం. ఇద్దురిదీ అసల్దే అయితే మంచిదే. ఇద్దురిదీ ఉత్తదే అయితే పోయేదేముంది? ఏం, బాగలేదా?”

నేను భలే అంటానని నా ముఖంలోకి చూసింది. పైగా మూతలోంచి ఒక మాత్ర తీసి నాకు చూపించి, “చూడు, రెండూ ఒకటే మాదిరి ఉండాయి. ఎంత నేర్పుగా చేసినారో” అని మెచ్చుకుంది కూడా.

“మందు ఇంకెవురికీ ఇయ్యకూడదని నేను చెప్పలా?”

“ఆమా, చెప్పినావు. ఇంకెవురికి ఇచ్చినాం? ఈమె గూడా మీ ట్రయల్ మనిషే గదా!”

మా కాగితాల్లో అన్ని భాషల్లోనూ ‘ఇతరులకు ఇవ్వరాదు’ అని ఉంది. పక్కన కూర్చుని గుండు చూసి నవ్విన మనిషి ఇతరులు ఎలా అవుతుంది? ఆ వాక్యం రాసినవాళ్ళు ఎప్పుడూ మా ఓపీ హాల్లో కూర్చుని ఉండరు. ఇద్దరికీ నోట్లో చిన్నచిన్న పొక్కులు వచ్చాయని అంతకు ముందే డాక్టరు గారు గమనించారు. ఆ కొత్త మాత్రతో కొందరికి నోరు పూస్తుందని తెలిసిన విషయమే. ఎవరి పొక్కులు ఎవరి మాత్ర వల్లో ఇప్పుడు దేవుడే చెప్పాలి.

సీసాలు రెండూ, మూతలోని మాత్రలూ లాక్కుని లోపలికి వచ్చాను. నా దగ్గర పనిచేసే గుంటూరు అమ్మాయి అంతా విని తలుపు దగ్గరగా వేసింది. “మేడమ్, మీరు అటు వెళ్ళలేదు, మనమేం చూళ్ళేదు అనుకుంటే సరిపోద్ది కదండీ? మళ్ళీ చేయొద్దని చెప్దాం. పాపం, వాళ్ళని తీసేస్తారండీ.”

“చూసిన కండ్లు యాడ పెట్టుకోమంటావు?” అన్నాను. ఆ పిల్లది మంచి మనసే. కానీ మంచి మనసుతో ఒకసారి దాచిపెడితే, రెండోసారి దాచడానికి మంచి మనసు కూడా అక్కర్లేదు.

మా పెద్ద డాక్టరు గారు తమిళాయన. రోగుల దగ్గర వెన్న, మా దగ్గర నిప్పు. ఆ కొత్త మాత్ర మీద ఆయనకు కొండంత ఆశ. విషయం చెప్పగానే కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, “ఇద్దర్నీ తీసెయ్. మందు ఆపు. కమిటీకి రాయి” అన్నారు. ఎదురు మాట్లాడడానికి వీల్లేని గొంతు అది. రాశాను. రోగులకు అన్యాయం జరగకుండా ట్రయల్స్‌కు కాపలా కాసే కమిటీ ఒకటి ఉంటుంది. దానిది ఆఖరి మాట. అది తేల్చేదాకా ఇద్దరికీ మాత్రలు బంద్.

ఆ సాయంత్రం పెరంబూరు ఆవిడ నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నన్ను తీసేస్తారా సిస్టర్? మా అక్కకి దొరకలా. నాకు దొరికింది. నా చేతులారా నేనే పారేసుకున్నానా?”

మామూలు వైద్యం ఎప్పటిలాగే జరుగుతుందని, ఆ సీసాలో అసలు మాత్రే ఉందని నమ్మకం లేదని, ఉన్నా అది పనిచేస్తుందని ఎవరికీ తెలియదని చెప్పాను. అన్నీ నిజాలే. నిజాలు అన్నిసార్లూ ఓదార్చవు. ఆవిడకు ఆ సీసా ఒక్కటే అక్క దారిలో పోకుండా ఆపే తలుపు గడియలాగా కనిపిస్తోంది.

వెనకాలే జార్జిటౌన్ ఆవిడ వచ్చింది. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేను మొదటిసారి విన్నాను. “ఈమె వొద్దు వొద్దనింది. నేనే బలవంతం పెట్టినా. నన్ను తీసేయండి సిస్టర్, ఈమెని ఉంచండి. దీంట్లో నేనొకదాన్ని పోతే ఏమైపోతాది?”

అక్కడికక్కడే నాకు కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు. నేరుగా డాక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన సంచి తీసుకుని బయలుదేరబోతున్నారు.

“వాళ్ళు దాచలేదు సార్. అడగ్గానే చెప్పారు. నవ్వుతూ చెప్పారు. ఇప్పుడు వాళ్ళని గెంటేస్తే హాల్లో ఉన్న మిగతా ఆడవాళ్ళు నేర్చుకునేది ఒక్కటే. చేసినా దొరక్కుండా చెయ్యాలని. ఇకమీదట ఎవరూ మనకి నిజం చెప్పరు. నిజం చెప్పని రోగులతో మీరేం తేలుస్తారు?”

సంచి మళ్ళీ బల్ల మీద పెట్టారు. “అయితే ఆ మాట కమిటీకి నువ్వే చెప్పుకో.”

“నేను కాదు సార్. వాళ్ళే చెబుతారు.”

అంతకుముందు కమిటీ గదిలోకి రోగులు అడుగుపెట్టింది లేదు. రోగుల గురించి మాట్లాడుకునే గదిలో రోగులు తప్ప అందరూ ఉండేవారు. అధ్యక్షుడు రిటైరైన జడ్జి. నేను వెళ్ళి అడిగితే కాస్త ఆలోచించి, “పిలుద్దాం. రూలు పిలవమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు” అన్నారు. నా కంటే పెద్ద రూల్సాయన దొరికాడని సంబరపడ్డాను.

ఆరోజు జార్జిటౌన్ ఆవిడ పట్టుచీర కట్టుకుని, పెద్ద డబ్బాతో మైసూర్‌పాక్ తెచ్చింది. తీర్పు చెప్పేవాళ్ళకి మిఠాయి పెట్టకూడదని గుమ్మం దగ్గరే లాక్కున్నాను. “పెండ్లివారింటికి పోతే ఒట్టి చేతులతో పోతామా?” అని గొణిగింది. పెరంబూరు ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. ఆవిడ నిద్రపోలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

జడ్జి గారికి తెలుగు బాగానే అర్థమవుతుంది. ఇద్దర్నీ కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, “ఎందుకు కలిపారమ్మా?” అని మెల్లగా అడిగారు.

జార్జిటౌన్ ఆవిడ సగం తెలుగు, సగం తమిళంలో మొదలుపెట్టింది. “మా వీధిలో మూట విప్పకముందే బేరం అయిపోతాది సార్. లోపల మంచి సరుకుండాదా, పుచ్చిందుండాదా ఎవురికీ తెలీదు. అట్లాంటప్పుడు రెండు కొట్లోళ్ళు చెరి సగం ఎత్తుకుంటారు. పుచ్చితే ఇద్దురికీ పుచ్చింది, మంచిదైతే ఇద్దురికీ మంచిది. ఒక ఇల్లు మాత్రం మునగదు. మా మామగారి కాలం నుంచీ ఇదే వాడిక. నేను ఆ మాదిరే చేసినా.”

ఒకరిద్దరు సభ్యులు నవ్వాపుకున్నారు. జడ్జి గారు నవ్వలేదు. “మంచి పద్ధతమ్మా. సరే, ఒకాయన దూరం నుంచి వచ్చి, ఈ రెండు మూటల్లో ఏ ఊరి సరుకు మంచిదో చెప్పండి, మా ఊళ్ళో అందరూ అదే కొనుక్కుంటారు అన్నాడనుకోండి. అప్పటికే మీరు రెండూ కలిపేశారు. ఏం చెబుతారు?”

ఆవిడ గాజులు సర్దుకుంది. వ్యాపారం తెలిసిన మనిషి గనక దెబ్బ ఎక్కడ తగిలిందో వెంటనే తెలిసింది.

“ఏం చెప్పేది సార్? కలిపేసినంక బ్రమ్మకి గూడా తెలీదు.”

అప్పుడు పెరంబూరు ఆవిడ మాట్లాడింది. నలుగురిలో, ఎవరూ అడగకుండా ఆవిడ మాట్లాడడం అదే మొదలు.

“మా ఇంటాయన ఫ్యాక్టరీలో బ్రేకులు చూసే పని చేసినాడు సార్. పెట్టె బయటికి పోయేముందు బ్రేకు పట్టలేదంటే పట్టలేదనే చెప్పాల. తోటివాడు చేసిన పని గదా, పాపం అని పట్టిందని చెప్తే, ఆ పెట్టె ఎక్కేవాళ్ళ గతేంది అని ఇంట్లో అంటా ఉంటాడు. ఇన్నేండ్లు ఇన్నా గానీ నాకు ఇప్పుడు తెలిసింది. నేను బాగుండాలని, ఈమె బాగుండాలని కలిపినాం. మా ఎనకాల వచ్చే ఆడోళ్ళ సంగతి మాకు తట్టలా.” కళ్ళు తుడుచుకుంది. “తిట్టండి సార్. ఎంతైనా తిట్టండి. తీసేయొద్దు. ఇంగ మీరు చెప్పినట్టే చేస్తాం.”

జడ్జి గారు కమిటీలో లెక్కల నిపుణురాలి వైపు తిరిగారు. ఆవిడ ఒకటే చెప్పింది. కలిపినట్టు నిజాయితీగా రాసుకుని, ఇద్దర్నీ కంప్యూటరు తేల్చిన గుంపుల్లోనే ఉంచి చివరిదాకా చూడడమే సరైన పద్ధతి, మధ్యలో మనకి నచ్చనివాళ్ళని తీసేస్తూ పోతేనే ఫలితం చెడుతుంది అంది. రూలు మా పక్షానే ఉంది! ఇన్నాళ్ళూ రూల్సమ్మ అనిపించుకున్న నాకు, ఒక రూలును పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది ఆ ఒక్కసారే.

మా డాక్టరు గారు లేచారు. “తీసెయ్యమన్నది నేను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇలాంటి రోగులు ఉండాలి” అన్నారు. ఆయన మాట వెనక్కి తీసుకోవడం మా ఆస్పత్రిలో ఎవరూ చూడలేదు. గుంటూరు అమ్మాయి తలుపు సందులోంచి చూస్తూ నోరు వెళ్ళబెట్టింది.

జడ్జి గారు ఒక షరతు పెట్టారు. ఇకమీదట కొత్తగా చేరబోయేవాళ్ళతో మాతోపాటు ఈ ఇద్దరూ మాట్లాడాలి, వాళ్ళకు ఇష్టమైతేనే. మందు కంపెనీవాళ్ళు కూడా నాలుగు ప్రశ్నలు ఎక్కువ వేసి చివరికి సరేనన్నారు. ఆరోజు గది బయటికి రాగానే మైసూర్‌పాక్ డబ్బా మూత నేనే తీశాను. తీర్పు అయిపోయింది గదా. డాక్టరు గారు రెండు తిన్నారు.

ఆ తర్వాత మా హాలు మారింది. ప్రతి గురువారం ఓపీ మొదలయ్యే ముందు జార్జిటౌన్ ఆవిడ ముందు వరుసలో నిలబడేది. మైకు ఇస్తే వద్దనేది, అవసరం కూడా లేదు. “మమ్మల్ని ఎలుకలంటారా? ఎలుకని ఎవురన్నా అడిగి పెడతారా? నన్ను అడిగినారు. నేను ప్రశ్నలడిగినా, వీళ్ళ ప్రాణం తీసినా. నచ్చితేనే చేరినా. మీరూ అడగండి” అనేది. ఒకసారి ఒక కుర్ర డాక్టరు, వద్దన్న ఒకావిడను మళ్ళీ మళ్ళీ ఒప్పించబోయాడు. ఈవిడ మధ్యలో దూరి, “వొద్దనింది గదప్పా! వొద్దంటే వొద్దే. రేపు ఈమెకి వైద్యంలో తేడా చేసినావంటే నేనూరుకోను” అని గదమాయించింది. ఆ వద్దన్నావిడ ఇంకో నెలకు తనే వచ్చి నాలుగు ప్రశ్నలడిగి, బాగా విని, మళ్ళీ వద్దనే చెప్పి వెళ్ళింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తెలుసుకుని వద్దనడం కూడా మా గెలుపే. అవగాహన అంటే సంతకాల సంఖ్య అనుకునేవాళ్ళకు ఇది ఎక్కదు.

పెరంబూరు ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు. భయపడుతున్నవాళ్ళ పక్కన వెళ్ళి కూర్చునేది. వాళ్ళే మాట్లాడేవారు.

ఇంకొకటి జరిగింది. అది అప్పట్లో నాకొక్కదానికే తెలుసు. ఎవరి సీసా వాళ్ళు వేసుకోవడం మొదలయ్యాక కొన్నాళ్ళకు జార్జిటౌన్ ఆవిడ నోటి పొక్కులు మానిపోయాయి. పెరంబూరు ఆవిడ నోరు ఇంకా పూసింది. పెరుగన్నం తప్ప ఏదీ తినలేకపోయేది. ఒకరోజు జార్జిటౌన్ ఆవిడ నన్ను పక్కకు పిలిచింది.

“సిస్టర్, నాది ఉత్త మాత్రే. నాకు తెలిసిపొయింది.”

“నాకు చెప్పొద్దమ్మా. నువ్వు అనుకునేది నిజమో కాదో నాకు తెలీదు. తెలీకూడదు గూడా. డాక్టరు దగ్గిర అసలే అనొద్దు.”

“అనను. ఈమె నిన్న నా చెయ్యి పట్టుకుని ఏమనిందో తెలుసా? నాది అసల్దే మాదిరి ఉండాది, రా, మళ్ళీ పంచుకుందాం, ఎవురికీ తెలీదు అనింది. నా కోసరం, పిచ్చిది.”

“నువ్వేమన్నావు?”

“వొద్దన్నా.” ఆవిడ కళ్ళు నిండాయి గానీ గొంతు మాత్రం బేరం తెగ్గొట్టినట్టే ఉంది. “త్రాసులో రెండో తట్ట లేకపోతే తూకమే లేదు గదా సిస్టర్? ఆ తట్టలో నేను కూచుంటా. మింగుతా. చివరిదాకా మింగుతా.”

ఆవిడకీ ప్రాణం మీద ఆశ ఉంది. మనవరాలి పెళ్ళి చూడాలని ఉంది. ఉత్తదని తెలిసీ ఆ మాత్రను పూటపూటా నీళ్ళతో మింగింది. నేను సర్వీసులో చాలామంది ధైర్యవంతులను చూశాను. ఈవిడకు నేను చేతులెత్తి దండం పెట్టాను, నిజంగానే, వరండాలో నలుగురూ చూస్తుండగా.

నేను రిటైరయ్యే ఏడాది ఆ ట్రయల్ ముగిసింది. ఫలితాలు పెద్ద పెద్ద పత్రికల్లో వస్తాయి, డాక్టర్లు చదువుకుంటారు. మందు మింగినవాళ్ళకి ఎవరూ చెప్పరు. అదేం న్యాయమని డాక్టరు గారితో పోట్లాడాను. ఈసారి ఆయన కళ్ళజోడు పైకి తోయలేదు. అందరినీ పిలిపించమన్నారు. బిడ్డల్ని, కోడళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. కొందరు రాలేదు, రాలేనివాళ్ళూ ఉన్నారు. మా ఇద్దరు ఆడవాళ్ళూ పక్కపక్కనే కూర్చున్నారు, నెరిసిన జుట్టు ముడేసుకుని, ఆరోగ్యంగా.

డాక్టరు గారు నిలబడి చెప్పారు. అసలు మాత్ర వేసుకున్నవాళ్ళకూ, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకూ జబ్బు తిరగబెట్టడంలో తేడా లేదు. కొత్త మాత్ర వల్ల ప్రయోజనం లేదు. నోటిపూత, నీరసం మాత్రం దానివల్లే. చెబుతూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నేళ్ళ ఆశ మరి. ఇంతమందిని పిలిచి ఈ మాట చెప్పించానే, ఇప్పుడు వీళ్ళు ఏమంటారో అని భయపడ్డాను.

ఎవరిది ఏ మాత్రో అడిగినవాళ్ళకు చెప్పాం. జార్జిటౌన్ ఆవిడది ఉత్తదే. పెరంబూరు ఆవిడది అసలుది. “అట్లయితే ఆ పొక్కులు నువ్వే ఇచ్చినావా నాకు!” అని జార్జిటౌన్ ఆవిడ స్నేహితురాలి వీపు మీద ఒక్కటి వేసింది. నలుగురు నవ్వారు. హాలు కొంచెం తేలికపడింది.

అప్పుడు పెరంబూరు ఆవిడ లేచి నిలబడింది. అంతమందిలో ఆవిడ లేవడం చూసి నేను కంగారుపడ్డాను. అక్కను కాపాడి ఉండేదేమోనని ఇన్నేళ్ళు అనుకున్న మాత్ర అది.

“సార్, ఒక మాట. ఈ మాత్ర ఉండుంటే మా అక్క బతికుండేదేమో అని ఇన్నేండ్లూ ఏడిసినా. ఇంగ ఆ ఏడుపు లేదు. ఇంకెవురికీ దీన్ని ఇయ్యరు గదా?”

“ఇవ్వరమ్మా. ఈ జబ్బు తిరగబెట్టకుండా అని చెప్పి ఎక్కడా ఇవ్వరు.”

“ఎవురి నోరూ ఇట్ల పుయ్యదు.”

“పుయ్యదు.”

“ఇది పనికిరాదని తేల్చింది ఎవురు సార్?”

డాక్టరు గారు చేతులు జోడించారు. “మీరేనమ్మా.”

ఆవిడ హాలు వైపు తిరిగింది. “ఇనినారా? తేల్చింది మనమే.”

వెనక వరుసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఉత్త మాత్ర మింగినవాళ్ళు, అసలు మాత్ర మింగినవాళ్ళు, వాళ్ళ కోడళ్ళు, మా గుంటూరు అమ్మాయి, అందరూ అందుకున్నారు. నేను కొట్టలేకపోయాను, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాను. జార్జిటౌన్ ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

“ఏందా కొట్టేది? గట్టిగా కొట్టండి!”